ఆయన చుట్టపుచూపుకు రాలేదు

సిద్దిపేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముప్ఫై నాలుగేళ్ళు బైబిలు స్త్రీగా పనిచేశాను. అంటే ఏమిటని అడిగేవాళ్ళు ఇప్పుడు మా సంఘంలోనే ఉన్నారు కాబట్టి ముందుగా అది చెబుతాను. ఆదివారం గుడిలో ప్రసంగం చేసేది అయ్యగారు. మిగతా ఆరు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ పక్కన కూర్చునేది, చదువు రానివాళ్ళకు పాటలు నేర్పేది, బాప్తిస్మానికి వచ్చేవాళ్ళను సిద్ధం చేసేది, దవాఖానలో మంచాల మధ్య తిరిగేది మేము. అందరూ నన్ను బైబిలమ్మ అనే పిలిచారు. నా పేరు కరుణమ్మ అని నాకూ రేషన్ కార్డుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ ఏడు ఇద్దరమ్మాయిలు ఈ పనిలో కొత్తగా చేరారు. "పెద్దమ్మా, నీకు తెలిసినయి రాసిపెట్టరాదే" అన్నారు. ఏ సంవత్సరం ఎక్కడికి బదిలీ చేశారో, ఎవరు సన్మానం చేశారో రాయను. అవన్నీ ఫైళ్ళలో ఉన్నాయి, ఎలుకలు చదువుకుంటాయి. నాకు బుద్ధి చెప్పిన సంగతులు రెండు మూడున్నాయి. వాటిలో ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. గర్వం పాపమని మా అయ్యగార్లందరూ చెప్పారు. ఈ ఒక్క విషయంలో నన్ను పాపిగానే ఉండనివ్వండి.

ముందు నీళ్ళడుగు

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా మొదటి అయ్యగారు నా సంచి తెరిచి చూశారు. బైబిలు, పాటల పుస్తకం, పంచడానికి కరపత్రాలు ఒక కట్ట. కరపత్రాల కట్ట తీసి బల్ల మీద పెట్టి, "గివి గీడ్నే ఉండనియ్యి. ఇంట్లకు పోంగనే ఏం జేస్తవ్?" అని అడిగారు.

"వాక్యం చెప్త అయ్యగారు."

"కాదు. ముందుగాల నీళ్ళడుగు. నువ్వు ఇచ్చేటందుకు పోతున్న అనుకుంటే వాళ్ళ కండ్లకు నీ తలపొగరు ఒక్కటే కనవడతది. అడిగేటందుకు పోతే మనిషి కనవడతది."

మా ఊళ్ళలో ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారన్నది చిన్న విషయం కాదని మీకు తెలుసు. నీళ్ళడిగితే కొందరు ఇబ్బంది పడి గిన్నె వెతికేవాళ్ళు. కొందరు పైనుంచి పోసేవాళ్ళు. కొందరు తమ గ్లాసులోనే ఇచ్చి, తాగుతానా లేదా అని నా మొహం చూసేవాళ్ళు. నేను తాగేదాన్ని. సగం పని అక్కడే అయిపోయేది. మిగతా సగం వాళ్ళు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినడం. అది నాకు పదేళ్ళ తర్వాత గానీ రాలేదు.

ఇంకో మాట. వాళ్ళు మొక్కే దేవుళ్ళను ఒక్క మాట అనకండి. మీ ఇంటికొచ్చి మీ అమ్మను తిట్టినవాడి మాట మీరు వింటారా?

మొహమాటపు బాప్తిస్మం

తర్వాత వచ్చిన ఒక అయ్యగారికి డిసెంబరు రాగానే జ్వరం వచ్చినట్టు ఉండేది. "క్రిస్మస్‌కు మన దిక్కు నుంచి బాప్తిస్మానికి ఎంతమంది?" అని రోజూ అడిగేవారు. నేనూ ఆ జ్వరంలో పడ్డాను. కుకునూరుపల్లి దగ్గర ఒక రైతు ఇంటికి ఎండలో పదిసార్లు తిరిగాను. పదకొండోసారి ఆయన సరేనన్నాడు. నీళ్ళలో దిగాడు, పైకి వచ్చాడు, తువ్వాలతో తల తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"బైబిలమ్మా, ఏమనుకోకు. గన్నిసార్లు చెప్పులరిగేటట్టు తిరిగితివి. నీ మొఖం చూసి కాదనలేకపోయిన."

ఆయన నా మీద జాలిపడ్డాడు, అంతే. మరుసటి ఆదివారం నుంచి కనిపించలేదు. బజారులో ఎదురైతే మాత్రం బాగున్నవా అని పలకరించి చాయ్ తాగించేవాడు. తప్పు ఆయనది కాదు. మొహమాటం మీద మనకొక సామెత ఉంది, గుడి మనిషిని కాబట్టి ఇక్కడ రాయను. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. విశ్వాసం అడిగి ఇప్పించుకునేది కాదు. వాళ్ళు అడిగేదాకా ఆగాలి. ఆగడం చేతకానివాళ్ళు ఈ పనికి రాకండి.

నేను దొంగిలించిన మాట

ఇబ్రహీంపూర్‌లో ఒక ఇంటి అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు బీడీలు చుడుతూ కూర్చునేవాళ్ళు. నేనూ కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. క్రిస్మస్ నెల. ఒకామె అడిగింది, "గంత పెద్ద దేవుడు గీడికి ఎందుకు దిగిండమ్మా? పైనుంచి చూస్తే కనవడమా మనం?"

నేను చదువుకున్న పాఠమంతా చెప్పాను. పాపం, రక్షణ, ప్రవచనం. వాళ్ళ చేతులు ఆగకుండా బీడీలు చుడుతున్నాయి. అంటే ఎవరికీ ఎక్కలేదని అర్థం. అప్పుడు చివర కూర్చున్న ముసలమ్మ దారం పళ్ళతో తెంపి అంది:

"పసిపిల్లగాడై పుట్టిండంటున్నది గదనే. పెద్దమనిషై వస్తే చాయ్ తాగి పోతడు. పసిపిల్లగాడు యాడికి పోతడు? ఎత్తుకోవాలె, పాలియ్యాలె, ముడ్డి కడగాలె. అంటే చుట్టపుచూపుకు రాలేదన్నట్టు."

అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి.

క్రిస్మస్ అంటే ఏమిటని నన్నెవరు అడిగినా ఆ రోజు నుంచి ఆ ముసలమ్మ మాటే చెప్పాను. నక్షత్రం, కేకు, కొత్తబట్టలు అన్నీ బాగానే ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ అసలు సంగతి ఇది. దేవుడు మన ఇంటికి చుట్టంగా రాలేదు, ఇంటిమనిషిగా వచ్చాడు. మన చేతుల్లో పెరిగాడు, మన తిండి తిన్నాడు, మన తిట్లు తిన్నాడు. సభల్లో చెప్పాను, దవాఖానలో చెప్పాను. పెద్ద పెద్ద అయ్యగార్లు నా దగ్గర విని తమ ప్రసంగాల్లో కలుపుకున్నారు. నాకు లోలోపల పొంగుగానే ఉండేది. చెప్పినంత బాగా నాకే అర్థం కాలేదని బాలమణి దగ్గర తెలిసింది.

బాలమణి

బాలమణికి సిద్దిపేట బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఉంది. తల్లిగారిల్లు కుకునూరుపల్లి. భర్త ఆటో నడుపుతాడు. నేను రిటైరు కావడానికి ఐదేళ్ళ ముందు ఆమె అత్త దవాఖానలో ఉంటే, పక్క మంచంలో మా సంఘపు మనిషి ఉంది. నేను రెండు మంచాల మధ్య కూర్చునేదాన్ని. మొదటి రోజే బాలమణిని నీళ్ళడిగాను. తన గ్లాసు కడిగి ఇచ్చింది.

ఆమె ఏ కులమో రాయను. రాస్తే చదివేవాళ్ళు వెంటనే ఎవరు పైన, ఎవరు కింద అని మనసులో లెక్క వేస్తారు. మనకున్న జబ్బే అది.

ఆమెను నేను పిలవలేదు. అత్త ఇంటికి చేరిన నెలకు తనే వచ్చింది. "నువ్వు ఎవలికి మొక్కుతవో గానీ నాకు జెర చెప్పు. మీ ఆమె కాడికి వచ్చినదానివి మా అత్త కాళ్ళెందుకు వత్తినవ్?" అని అడిగింది. ఏడాది నా దగ్గర కూర్చుని విన్నది. చదువు రాదు, కానీ ఒకసారి విన్న పాట మరిచిపోదు. భర్తను అడిగితే, "నువ్వు పో. నన్ను పిలువకు" అన్నాడట. పేరు మార్చుకోవాలా అని అడిగింది. "మీ అవ్వ పెట్టిన పేరు మంచిగనే ఉన్నది, ఉంచుకో" అన్నాను. ఆ మాటకు మా పెద్దల్లో ఇద్దరు నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఆ నెల ప్రశాంతంగా గడిచింది.

బాప్తిస్మం రోజు నీళ్ళలోంచి లేచి ఆమె నవ్విన నవ్వు చూసి, ఇది మొహమాటం కాదు అనుకున్నాను.

ముందు వరుస

మా గుడిలో క్రిస్మస్ నాడు ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉంటుంది. బగారన్నం, మటన్ కూర. తెల్లవారగానే గుడి వెనక పొయ్యిలు వెలుగుతాయి. వంట గుండిగలు కిరాయికిచ్చే భాయి తనే ఆటోలో తెచ్చి దించి, "బడా దిన్ ముబారక్ అమ్మా" అని చెప్పి పోతాడు. వంట మా పాత కుటుంబాల ఆడవాళ్ళది. వాళ్ళ మీద పెద్ద శాంతమ్మ, సంఘపెద్ద భార్య. ఆమె మాట దాటి ఆ పొయ్యిలోంచి పొగ కూడా బయటికి రాదు.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళకు ఆ రోజు మా మర్యాద చూడాలి. లేచి నిలబడమంటాం, దండ వేస్తాం, చప్పట్లు కొడతాం. విందులో ముందు వరుస వాళ్ళదే. మొదటి ముక్క వాళ్ళ విస్తట్లోనే పడాలి. బయటి సంఘాలవాళ్ళు చూసి మెచ్చుకునేవాళ్ళు. ఆ పద్ధతి పెట్టించింది నేనే.

మొదటి క్రిస్మస్‌కు బాలమణి ముందు వరుసలో కూర్చుని సిగ్గుపడుతూ తిన్నది. రెండో క్రిస్మస్‌కు పొద్దున్నే సంచిలో కత్తిపీట పెట్టుకుని వచ్చింది. రోజూ వందమందికి వండే మనిషి. శాంతమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో, మీరెందుకమ్మా? మీరు వచ్చుడే మాకు సంతోషం. మీరు కూసోండ్రి."

మూడో క్రిస్మస్‌కూ అంతే. ఆ రోజు బాలమణి కదలకుండా పొయ్యిల దగ్గరే నిలబడింది. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని, "దా బిడ్డా, నీకు ముందు వరుసల జాగ పెట్టిన" అని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నా మొహంలోకి ఒకసారి చూసింది. విస్తట్లో పెట్టింది సగం వదిలేసి లేచింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

సైతాను మీద నింద

మా వాళ్ళకొక అలవాటుంది. ఎవరైనా గుడికి రావడం మానేస్తే, సైతాను లాక్కుపోయిందంటాం. పాపం, మేము చేసినవి కూడా దాని ఖాతాలోకే పోతాయి. బాలమణి విషయంలో నేనూ అదే అన్నాను. తల్లిగారివాళ్ళు బెదిరించి ఉంటారన్నాను. మూడు నెలలు ప్రార్థన చేశాను. బస్టాండు దాకా నడిచిపోయి అడగడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

పొద్దున్న గిరాకీ తగ్గాక వెళ్ళాను. పెనం గీకుతోంది. కూర్చోమంది, నీళ్ళిచ్చింది.

"మీ తల్లిగారోళ్ళు ఏమన్న అన్నరా బిడ్డా?"

"వాళ్ళేమంటరమ్మా. మంచిగనే చూస్తరు. పండుగకు పోతే మా మరదలు ముందుగాలనే నాకు వేరుగ వండి పెడతది. పొయ్యి కాడికి పోతే, 'నువ్వు కూసో వదినే, నీకెందుకు' అంటది. పుట్టిన ఇంట్ల చుట్టమైన." పెనం పక్కన పెట్టింది. "అయితే అయిన, నాకు ఇంకో ఇల్లున్నది అనుకున్న. గీడికొస్తే గీడ గూడ గదే మాట. మీరు కూసోండ్రి, మీరు కూసోండ్రి. మూడు పండుగలాయె. ఏ ఇంట్లనన్న చుట్టం మూడేండ్లుంటదా?"

నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"దేవుడు చుట్టపుచూపుకు రాలేదని నువ్వే చెప్తివి గదా. మరి నన్నెందుకు చుట్టాన్ని చేసినవ్? నా చేతి నీళ్ళు తాగి నన్ను తోలుకపోయినవ్. నా చేతికి గంటె ఎందుకియ్యలేదు?"

'చేసిన్రు' అనలేదు, 'చేసినవ్' అంది. నన్నే. అది నిజం కాబట్టి నొప్పి ఎక్కువైంది. గుడిలో ఆమెకు నేను వేసిన దండలు, కొట్టించిన చప్పట్లు అన్నీ ఆమెను గడప దగ్గరే నిలబెట్టడానికి పనికొచ్చాయి. ఇంటికి పోయి ఏడ్చాను. ఏడుపుతో పని జరగదని తెలిసినా ఏడ్చాను.

అప్పటికి నా ఉద్యోగం ఇంకో ఏడాది లోపే ఉంది. రాబోయే క్రిస్మస్ నాకు చివరిది. ఆ మనిషిని గడప బయట వదిలేసి రిటైరైతే, ముప్ఫై నాలుగేళ్ళు చెప్పింది అబద్ధమే అవుతుంది.

శాంతమ్మకు జరిగిన మర్యాద

శాంతమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా సంఘంలో లేరు, ఆమె భర్తతో సహా. అందుకే వాదించలేదు. నవంబరులో ఒకరోజు, "దవాఖానకు పోవాలె, జెర తోడు రా" అని పిలిచాను. అబద్ధమా అంటే అబద్ధమే. దేవుడితో తర్వాత మాట్లాడుకున్నాను. దారిలో ఆకలేస్తుందని చెప్పి బాలమణి బండి దగ్గర ఆగాను.

బాలమణి స్టూలు తుడిచి, దాని మీద ఉతికిన తువ్వాల పరిచింది. "మీరు కూసోండ్రమ్మా."

శాంతమ్మ కూర్చుంది. ఆమెకు ఊరికే కూర్చోవడం రాదు. ఎదురుగా నలుగురు గిరాకీవాళ్ళు నిలబడి ఉంటే బాలమణి ఒక్కతే ఇడ్లీలు తీస్తోంది, దోసె తిప్పుతోంది. శాంతమ్మ లేచి చట్నీ గిన్నె మీద చెయ్యి వేసింది. "ఇయ్యి, నేనేస్త."

"అయ్యో, మీరెందుకమ్మా. మీరు కూసోండ్రి."

తినడం అయ్యాక ప్లేటు కడగబోయింది. బాలమణి చేతిలోంచి తీసుకుంది. "మీరు వచ్చుడే సంతోషం." కనీసం స్టూలు తీసి పక్కన పెట్టబోతే అదీ లాక్కుంది. మూడోసారికి శాంతమ్మ మొహం ఎర్రబడింది. బాలమణి మాటలో ఎగతాళి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉన్నా తప్పులేదు.

తిరిగి వస్తూ శాంతమ్మ నాకంటే రెండడుగులు ముందు నడిచింది. దవాఖాన సందు దాటిపోయాం, దాని సంగతే అడగలేదు.

"నన్ను గాడికెందుకు తోలుకపోయినవో నాకు తెల్వదనుకున్నవా?" అంది చౌరస్తా దగ్గర.

"తెలిస్తే మంచిదే."

"నీకొకటి చెప్త బైబిలమ్మా. మా అత్త ఊళ్ళె పెండ్లిళ్ళకు పోతే పందిరి బయట కూసోవెట్టేటోళ్ళు. అన్నం పైనుంచి వేసేటోళ్ళు. గుడి వెనక పొయ్యి పెట్టిననాడు ఆమె ఏడ్చిందట. గీడ నన్ను లెవ్వుమనేటోడు లేడు అన్నదట. గా పొయ్యి మాది. ఎవలో కొత్తగ వచ్చి గంటె పట్టుకుంటే, మళ్ళ మేము బయటికి పోతమేమోనని నాకు గుబులు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మర్యాద చేస్తున్న అనుకున్న. మర్యాద చేసే దూరం పెడ్తున్ననానే?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. అన్నేళ్ళూ ఆమెను గయ్యాళి అనుకున్నాను. ఆ పొయ్యి ఆమెకు ఏమిటో ఒక్కసారీ అడగలేదు. ఇల్లిల్లూ తిరిగి వినడమే నా పని అని చెప్పుకున్నదాన్ని.

ఉప్పు

ఆ క్రిస్మస్ పొద్దున నేను గుడి వెనక గోడ దగ్గర నిలబడ్డాను. బాలమణికి నేను చెప్పింది ఒక్కటే: "వస్తే రా. ఈసారి నేను చెయ్యి పట్టుకొని కూసోవెట్ట." ఆమె, "చూస్త" అంది. శాంతమ్మ ఏం చేస్తుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పొయ్యిలు వెలిగాయి. ఉల్లిగడ్డలు కుప్ప పోశారు. గేటు దగ్గర బాలమణి కనిపించింది, చంకలో సంచి. లోపలికి రాకుండా అక్కడే ఆగింది. నా కాళ్ళు ముందుకు పోబోయాయి. బలవంతాన ఆపుకున్నాను.

శాంతమ్మ పొయ్యి ముందునుంచి తల తిప్పి చూసింది. గుడి ముందు దాకా వినబడేటట్టు అరిచింది.

"ఏమే బాలమణీ! గిప్పుడా వచ్చుడు? పొద్దు మీదికొచ్చె! గిన్ని ఉల్లిగడ్డలు నీ మొగుడు కోస్తడానే?"

ఆ అరుపులో ఒక్క 'మీరు' లేదు, ఒక్క 'అమ్మా' లేదు. బాలమణి ఒక్క క్షణం అట్లాగే నిలబడి, తర్వాత చెప్పులు విడిచి పరుగెత్తుకొచ్చింది. "వస్తున్న గదనే అక్కా! గట్ల మొత్తుకుంటవేంది!" కత్తిపీట తీసి శాంతమ్మ పక్కనే చతికిలబడింది. నాకు కళ్ళు మసకబారాయి. ఉల్లిగడ్డల ఘాటు అని ఎవరికో చెప్పాను.

గంట గడవకముందే పొయ్యి దగ్గర పెద్ద గొడవ. బగారన్నంలో ఉప్పు తక్కువైందని బాలమణి, ముప్ఫై ఏండ్ల నుంచి గింతే ఏస్తున్న అని శాంతమ్మ. ఒకరు గంటె లాగుతున్నారు, ఒకరు వదలడం లేదు. "రోజు వందమందికి వండుత నేను!" "వండితే బండి కాడ వండు, గీడ కాదు!" "గీడ గూడ వండుత, ఏంజేస్తవ్!" చుట్టూ ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

మా కొత్త అయ్యగారు చిన్నవాడు. గొడవ విని ఆరాధన బట్టల్లోనే పరుగెత్తుకొచ్చారు. చేతులు నలుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, పండుగపూట ఇదేంటి? మీరు వెళ్ళి కాస్త సర్దిచెప్పండి" అన్నారు.

"ముట్టుకోకండి అయ్యగారూ" అన్నాను. "ముప్ఫై నాలుగేళ్ళు నేను పనిచేసింది ఈ కొట్లాట కోసమే."